మెత్త రొయ్యల పరీక్ష

రొయ్యకు నెత్తురుంటుందా అని ఎవరైనా అడిగితే సూదమ్మకు ఒళ్ళు మండేది. "నీకుంది కదా, దానికెందుకుండదూ? అది నీకేం అపకారం చేసిందీ?" అని ఎదురు ప్రశ్న వేసేది. ఎర్రగా కనబడనిది నెత్తురే కాదనుకునే మనుషులంటే ఆమెకు చిన్నచూపు. రొయ్య నెత్తురు సూదిలోకి వచ్చేటప్పుడు నీళ్ళలా తేటగా ఉంటుంది, గాలి తగిలాక లేత నీలం తిరుగుతుంది. మన నెత్తుట్లో ఇనుముంటే దాని నెత్తుట్లో రాగి. ఆ రాగిని మోసే ప్రోటీనే ఒళ్ళంతటికీ ఊపిరి పంచుతుంది, తెగులు వచ్చినప్పుడు క్రిముల మీద కలబడేదీ అదే. ఇంకో ప్రోటీను గాయం తగలగానే గడ్డకట్టి ఆ దారి మూసేస్తుంది. ఈ సంగతులన్నీ ఆమె కూరగాయలు తరుగుతూ కూడా చెప్పగలదు. వినే ఓపిక ఎదుటివాళ్ళకు ఉందా లేదా అన్నది ఆమె లెక్కచేసే విషయం కాదు.

ఆమె అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. రొయ్య రైతుల సంఘం వాళ్ళ పరీక్షశాలలో రొయ్యలకు సూది గుచ్చేది ఆమే కాబట్టి సూదమ్మ అయింది. నాలుక కూడా సూదే అని వెనకాల అనుకునేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడింది. "సూది కాబట్టే కుడుతోంది, లేకపోతే మీ నోళ్ళు ఎప్పుడో చిరిగిపోయేవి" అంది. వేళ్ళ నిండా మంచినీటి రొయ్యలు గిచ్చిన గాట్లు. పెద్ద మగ రొయ్య నీలం గిట్టలు రెండూ చాచి పట్టుకుందంటే మామూలు మనిషి కేక పెడతాడు. ఆమె మాత్రం "ఆగవే తల్లీ, ఒక్క చుక్కే" అంటూ మగదాన్నీ ఆడదాన్నీ ఒక్క తీరునే బుజ్జగించేది.

ఈ ఉద్యోగం ఆమె కోరుకున్నది కాదు. డిగ్రీ చదివి, పెళ్ళయి, భర్త పెట్టిన రొయ్య పిల్లల హేచరీలో తల్లి రొయ్యలకు మేత వేసుకుంటూ హాయిగా ఉన్న మనిషి. భర్త నోట్లో నాలుక లేనివాడు. కోపం వస్తే మూడంకె వేసి పడుకోవడం తప్ప ఏమీ తెలియదు. కానీ రొయ్య పిల్లలను పెంచడంలో ఆయన చెయ్యి మంచిదని పేరు. చుట్టుపక్కల చెరువుల వాళ్ళంతా ఆయన షెడ్డు ముందు డ్రమ్ములు పట్టుకుని నిలబడేవారు.

ఆ పేరు ఒక్క పూటలో పోయింది. సంఘానికి ఒక కట్టుబాటుంది. ఏ హేచరీ అయినా తల్లి రొయ్యలను తొట్లలోకి వదిలేముందు పరీక్ష చేయించాలి. నెత్తుట్లో ప్రోటీను తక్కువుంటే వాటికి తెగులుందని అర్థం, ఇక ఆ మందనంతా అక్కడికక్కడే బ్లీచింగ్ పొడి పోసి చంపెయ్యాలి. పరీక్ష చేసే అధికారిని అందరూ పెద్దసారు అనేవారు. ఆ రోజుల్లో తలుపు మూసి పరీక్ష చేసేవారు. సూదమ్మ భర్త తన తల్లి రొయ్యలను లోపలికి పంపి వరండాలో నిలబడ్డాడు. పెద్దసారు బయటికి వచ్చి "తెగులు. అన్నిటికీ తక్కువే వచ్చింది. సూది మాటే చివరి మాట" అన్నాడు. ఆ రొయ్యలను ఎంతో జాగ్రత్తగా ఏరి తెచ్చుకున్న మనిషి చేతికే బ్లీచింగ్ సంచి ఇచ్చారు.

అంతటితో పోయినా బాగుండేది. ఆ పంట కారులోనే కాలువ కింది చెరువులు వరసగా చచ్చాయి. తెగులు ఎక్కణ్ణించి వచ్చిందని జనం అడిగితే పెద్దసారు తల ఆడిస్తూ "నేను చంపించేసరికే ఆలస్యమైపోయింది. ఆ షెడ్డు నీళ్ళు అప్పటికే కాలువలోకి వెళ్ళాయి" అన్నాడు. ఇంకేముంది, సూదమ్మ భర్తకు తెగులాయన అని పేరు పడింది. చెరువులు పోయిన వాళ్ళలో ఆయన చిన్ననాటి స్నేహితుడు కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఆ స్నేహితుడు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన్ను మరీ తినేసింది. తన వల్లే వాడి కొంప మునిగిందని నమ్మాడు. హేచరీ మూసేసి ఇంటి అరుగు మీద చిరిగిన వలలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఎవరి గట్టు మీదా అడుగు పెట్టేవాడు కాదు. ఎక్కడికి వెళ్ళాలన్నా తన కాళ్ళకు తెగులు అంటిందేమో అన్నట్టు చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా వెళ్ళేవాడు.

ఇల్లు గడవాలి కదా. సూదమ్మ పరీక్షశాలలో చేరింది. ఆ ఉద్యోగం ఇప్పించింది పెద్దసారే. "పాపం, చదువుకున్న అమ్మాయి, ఆదుకుందాం" అని సంఘంలో చెప్పాడట. ఆమె అప్పుడు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టినంత పని చేసింది. తరవాత ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన నడుము తనే విరుచుకోవాలనిపించేది.

శిక్షణ కోసం పంపినప్పుడు అక్కడ మొట్టమొదట నేర్పిన సంగతి ఒకటుంది. రొయ్య ఎదగాలంటే పాత పెంకు వదిలెయ్యాలి. కుబుసం విడిచిన రొయ్య ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, గబగబా నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. దాంతో నెత్తురు పలచబడుతుంది, ప్రోటీను తక్కువ చూపిస్తుంది. అది తెగులు కాదు, ఎదుగుదల. అందుకని పరీక్షకు మెత్త రొయ్యను ముట్టుకోకూడదు. వీపు మీద బొటనవేలితో నొక్కి, పెంకు గట్టిగా ఉన్నదాన్నే తియ్యాలి. సూదమ్మ ఈ పాఠం విని తల ఊపి వచ్చేసింది. దానికీ తన కాపురానికీ సంబంధం ఉందని ఆమెకేం తెలుసు?

పరీక్షశాలలో గాజు సామాను కడిగే ముసలామె ఒకామె ఉండేది. అందరికీ సీసాల పిన్ని. కంటిచూపు తగ్గి పని మానేసి, దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, ఆఖరి రోజు సూదమ్మను పక్కకు పిలిచింది.

"అమ్మాయ్, ఒక మాట చెప్తా. నన్ను తిట్టకు. మీ ఆయన రొయ్యలొచ్చిన రోజు టబ్బుల దగ్గర నేనే ఉన్నా. గట్టివి గిట్టల్తో పట్టుకుంటున్నాయని సారు విసుక్కున్నాడు. 'మెత్తవి తియ్యి, అవి గొడవ చెయ్యవు' అన్నాడు. నేనే ఏరిచ్చా. అన్నీ మెత్తవే. దాంట్లో ఏముందో నాకేం తెలుసమ్మా? తరవాత తరవాత ఇక్కడి మాటలు వినీ వినీ అర్థమైంది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"ఎవరికి చెప్పను? సీసాలు కడిగేదాని మాట ఎవడు వింటాడు? రేపు నేను చెప్పినా సారు కాదంటాడు. అంతే కదా."

అంతే. పిన్ని బస్సెక్కి వెళ్ళిపోయింది. సూదమ్మ సింకు దగ్గర నిలబడి పళ్ళు పటపట కొరికింది. ఒక బద్ధకస్తుడు తన వేళ్ళు నొప్పెడతాయని, మంచి రొయ్యలను చంపించి, తన మొగుడి బతుకు బుగ్గి చేశాడు. చేసిన తప్పు తెలిసీ నోరు మూసుకోకుండా చెరువుల చావు కూడా ఆయన నెత్తినే రుద్దాడు. పైగా ఉద్యోగం ఇప్పించాడు! జాలి కాదది, భయం. ఆమెకు ఆ నిమిషంలో పెద్దసారు ఎదురుపడితే చేతిలో సూది ఎక్కడ దిగేదో చెప్పలేం.

ఇంటికి వెళ్ళింది. భర్త అరుగు మీద వల కుడుతున్నాడు. చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. చెప్తే ఏమవుతుంది? ఈ అమాయకుడు చెప్పులేసుకుని తిన్నగా పెద్దసారు ఇంటికి వెళ్ళి "నిజమేనాండీ?" అని అడుగుతాడు. ఆయన "ఛ ఛ, ఎవరు చెప్పారు నీకు" అంటాడు. ఈయన నమ్మి తిరిగొస్తాడు. కథ కంచికి. కాదు. ఆ మాట ఆయన నోటితోనే, పదిమందిలో కక్కించాలి. అందాకా ఎవరికీ చెప్పకూడదు. ఈయనకు అసలే చెప్పకూడదు.

ఆ రోజునుంచి ఆమె పగను కడుపులో పెట్టుకుని పని చేసింది. పెద్దసారు "ఏమ్మా, బాగున్నావా" అంటే "మీ దయ సార్" అనేది. ఆ దయ అనే మాట ఎలా పలికేదో ఆయనకు అర్థమయ్యేది కాదు. రొయ్య ఒంట్లో మనకున్నట్టు పాత తెగులును గుర్తుపెట్టుకుని కాచుకునే ఏర్పాటు లేదని ఆమె చదువుకుంది. ప్రతిసారీ శత్రువు కొత్తవాడే, ప్రతిసారీ కొత్త యుద్ధమే. "అందుకే పాపం అవి రొయ్యలయ్యాయి" అనుకునేది. తను మాత్రం రొయ్య కాదు.

పెద్దసారు రిటైరయ్యాడు. ఆయన కుర్చీ సూదమ్మకు వచ్చింది. కుర్చీలో కూర్చున్నాక ఆమె చేసిన మొదటి పని పరీక్ష గది తలుపులు బార్లా తెరిపించడం. "ఇకనుంచి అందరి ఎదుటా పరీక్ష. ఎవరి రొయ్యలు వాళ్ళ కళ్ళముందే" అంది. సంఘం ప్రెసిడెంటు మెచ్చుకున్నాడు. రైతులు చప్పట్లు కొట్టారు. పెద్దసారు కూడా కొట్టాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు గానీ, ఊరికే పడరు. పక్కన ఒకళ్ళు ఓపిగ్గా నిలబడాలి. రిటైరైన పెద్దసారు పొద్దుపోక, ఇంటి వెనక షెడ్డు వేసి హేచరీ మొదలుపెట్టాడు. పిల్లల్ని సాకినట్టు తల్లి రొయ్యలను సాకాడు. వేళకు మేత, వేళకు నీళ్ళు. "రాత్రి పడుకుంటే కలలో కూడా అవే" అని అందరికీ చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడు సూదమ్మకు ఎన్నడూ లేనంత ఆకలి వేసింది, ఇంటికెళ్ళి కడుపారా తింది.

ఆ రొయ్యలు పరీక్షకు వచ్చే రోజు పొద్దున ఆమె భర్తతో "పరీక్షశాలలో చేతివలలు చిరిగాయి, వచ్చి కుట్టిపెట్టండి" అంది.

"అక్కడికా? నేనా? జనం ఉంటారేమో."

"ఉంటే ఉంటారు. గుమ్మం దగ్గర కూర్చోండి. మిమ్మల్నెవరూ కొరకరు."

ఆయన వచ్చాడు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, తల ఎత్తకుండా దారం ఎక్కించుకున్నాడు. లోపల నేలంతా తడి. టబ్బుల్లో గాలి గొట్టాలు బుడబుడమంటున్నాయి. రైతులు ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. ప్రెసిడెంటుకు ఒక్కడికే కుర్చీ. పెద్దసారు ఇస్త్రీ చొక్కాతో, పెళ్ళిచూపులకు కూతుర్ని తెచ్చిన తండ్రిలా నిలబడ్డాడు.

దారిలో నీళ్ళు మార్చారేమో, చాలా రొయ్యలు కుబుసం విడిచి ఉన్నాయి. సూదమ్మ టబ్బులో చెయ్యి పెట్టింది. ఒకదాని వీపు మీద బొటనవేలితో నొక్కింది. గట్టిది. వదిలేసింది. ఇంకోటి నొక్కింది. వేలు దిగింది, మెత్తది. పైకి తీసింది.

ఆఖరి కాలు మొదట్లో సూది గుచ్చి ఒక్క చుక్క లాగింది. పరీక్ష గొట్టం చివర గాజు మీద ఆ చుక్క వేసి, వెలుతురు వైపు తిరిగి కంటికి ఆనించుకుంది. లోపల ప్రోటీను ఎంతుందో చూపే గీత ఎక్కడ ఆగిందో చూసి గొట్టం ప్రెసిడెంటుకు ఇచ్చింది. "చూడండి. నే చెప్పడం ఎందుకు?"

"కిందుంది" అన్నాడు ప్రెసిడెంటు.

మళ్ళీ టబ్బులో చెయ్యి. మళ్ళీ గట్టిది వదిలి మెత్తది పట్టుకుంది. మళ్ళీ గీత కిందే. రైతులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దసారు ఆమె బొటనవేలినే చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళు అదే పని చేసిన మనిషి, ఆ వేలు ఏం చేస్తోందో ఆయనకు తెలియదా?

"ఆ మూలవి కూడా చూడమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"ఏవైతే ఏం సార్? అన్నీ మీవే కదా."

"కాదు, కొంచెం తొందరపడుతున్నావేమో అనీ..."

"తొందర ఎక్కడిది? మీ దగ్గర నేర్చిన పనే." ఇంకో మెత్తదాన్ని తీసింది. "ఇది చూడండి, ఎంత బుద్ధిగా ఉందో. గట్టివి పట్టుకుంటాయి గానీ ఇవి గొడవ చెయ్యవు."

ఆ మాటతో పెద్దసారు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయనకు అర్థమైపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మెత్తవి తియ్యకూడదంటే, అది నీకెప్పటినుంచి తెలుసని అడుగుతుంది. అనకపోతే కళ్ళముందే రొయ్యలు చస్తాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు. చెమట మాత్రం ఇస్త్రీ చొక్కాను తడిపేసింది. సూదమ్మ అది చూసింది. ఇంకా చూడాలనిపించింది. ఆ చెమట ప్రతి బొట్టూ ఆమెకు పానకంలా ఉంది.

"అన్నిటికీ కిందే వచ్చింది" అన్నాడు ప్రెసిడెంటు లేస్తూ. "పెద్దసారూ, మీకు మేం చెప్పేదేముంది. సూది మాటే చివరి మాటని మీరే పెట్టారు. బ్లీచింగ్ తెండర్రా."

సంచి వచ్చింది. మూతి విప్పగానే ఘాటు అందరి ముక్కులకూ ఎక్కింది. సూదమ్మ స్వయంగా డబ్బాతో ముంచి టబ్బు పైకి ఎత్తింది. ఉత్త బెదిరింపు కాదది. ఆయన నోరు విప్పకపోతే పోసేసేదే, అందులో అనుమానం లేదు.

"ఆగు!" పెద్దసారు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అవి మెత్తవి! కుబుసం విడిచినవి! వాటి నెత్తురు పలచగానే ఉంటుంది. మెత్తదానికి పరీక్ష చెయ్యకూడదు. పరీక్ష నేర్చిన ప్రతివాడికీ తెలుసది!"

సూదమ్మ డబ్బా దించింది.

"మరి మా ఆయన రొయ్యల్లో మీరు తీసినవి ఎలాంటివి సార్?"

పెద్దసారు టబ్బు వైపు తిరిగాడు.

"అడుగుతున్నది నేనొక్కదాన్నే కాదు, వీళ్ళంతా వింటున్నారు. గట్టివా, మెత్తవా?" డబ్బా మళ్ళీ ఎత్తింది.

"మెత్తవే" అన్నాడు. టబ్బు అంచు పట్టుకున్నాడు. "గట్టివి పట్టుకుంటున్నాయని... ఏం కాదులే అనుకున్నా. తప్పు చేశానని సాయంత్రం తట్టింది. అప్పటికే పోసేశారు. ఇంకేం చెప్పను?"

"మరి చెరువులు చచ్చింది దేనివల్ల?"

"అది కాలువ ఎగువ నుంచి వచ్చిన తెగులు. అతని రొయ్యలకూ దానికీ సంబంధం లేదు. జనం నన్ను అడుగుతుంటే... అలా అనేశాను."

ఒక్కసారిగా గోల లేచింది. ఒకడు పెట్టె తన్ని లేచాడు. ఇంకొకడు "నీ మాట నమ్మి ఆ మనిషి మొహాన ఊశానయ్యా నేను" అని పెద్దసారు చొక్కా పట్టుకోబోతే ప్రెసిడెంటు అడ్డం వచ్చాడు. సూదమ్మకు లోపల ఎంత చల్లగా ఉందో చెప్పలేం. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడ్డ ముల్లు ఊడిపోయినట్టయింది. తీరిగ్గా గట్టి రొయ్యలు ఏరి మళ్ళీ పరీక్ష చేసింది. గీత పైకే వచ్చింది. "మీ రొయ్యలు బంగారంలా ఉన్నాయి సార్, తీసుకెళ్ళండి. వాటి మీద నాకేం పగ లేదు" అంది. ఆయన తల దించుకుని టబ్బు మోసుకుపోతుంటే ఒక్కడూ చెయ్యి సాయం పట్టలేదు.

రైతులు గుమ్మం దగ్గరికి చేరారు. ఒకరు ఆమె భర్త భుజం పట్టుకున్నారు, ఒకరు ఏడ్చారు. ఆయన మిగిలిన కుట్టు వేసి దారం తెంపాడు. వాళ్ళంతా వెళ్ళాక లేచి, ఆమె చేతులు కడుక్కుంటున్న సింకు దగ్గరికి వచ్చాడు. నవ్వుతాడనుకుంది. కనీసం ఏడుస్తాడనుకుంది.

"నీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

"సీసాల పిన్ని."

"పిన్ని ఊరొదిలేసి చాలా కాలమైందిగా."

ఆమె కొళాయి కట్టేసింది.

"మావాడు మంచంలో ఉన్నప్పుడు నన్ను రమ్మని కబురు పెట్టాడు" అన్నాడు. ఆ చిన్ననాటి స్నేహితుడి మాట. "రెండోసారి కూడా పెట్టాడు. వాడి కొంప ముంచినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని వెళ్ళలేదు. నీతోనే అన్నాను. వాడు పోయాడు. అప్పటికి నీకు తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. పిన్ని మొన్ననే కబురు పంపిందనొచ్చు, ఈయన నమ్మేస్తాడు కూడా. ఆ స్నేహితుడి కబురు వచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే పెద్దసారు దొరుకుతాడని లెక్క వేసుకుని, వంటింట్లోకి వెళ్ళిపోయిన రోజది.

"తెలుసు" అంది.

ఆయన తల ఊపాడు. కుట్టిన వలలు మడతపెట్టి బల్ల మీద ఉంచాడు, దారం ఉండ జేబులో వేసుకున్నాడు.

"వాడి భార్యకు చెప్పొస్తాను" అన్నాడు.

"ఉండండి, నేనూ వస్తాను."

"వద్దు" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ఆమెను వద్దనడం అదే మొదటిసారి.